హిట్టు కారు, ఫ్లాపు కారు

పాత కారు కొనాలనుకుంటున్నానని ఫిల్మ్‌నగర్‌లో ఎవరితోనైనా అని చూడండి. ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అడగరు. ఎన్ని చేతులు మారిందని అడగరు. ఇంజన్ సంగతి అసలే అడగరు. "ఎవరి కారు?" అంటారు. ఎవరిదో చెప్పగానే, "వాళ్ల లాస్ట్ సినిమా ఆడిందా?" అంటారు. అంతటితో వాళ్ల తనిఖీ పూర్తి. టీ కొట్టు దగ్గరా ఇదే ప్రశ్న, డబ్బింగ్ థియేటర్ మెట్ల మీదా ఇదే ప్రశ్న. చివరికి మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ కూడా ఇదే అడిగాడు. ఆయనకీ బాక్సాఫీసుకీ ఏం సంబంధమో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు.

నేనేమీ నిన్నగాక మొన్న వచ్చినవాణ్ణి కాదు. గుడివాడ వైపు నుంచి వచ్చి ఇరవై ఆరేళ్లుగా ఇక్కడి ఎడిటింగ్ గదుల్లో కూర్చుని ఇతరులు తీసినది కోస్తూ బతుకుతున్నాను. సెంటిమెంట్ అనే ఒక్క మాటతో ఇక్కడ ఎన్ని పనులు ఆగిపోతాయో కళ్లారా చూశాను. నేను పనిచేసిన ఒక గదికి రెండు ఫ్లాపుల తర్వాత తలుపు పడమటి గోడ నుంచి తూర్పు గోడకి మార్చారు. మూడో సినిమా కూడా పోయింది. అప్పుడు తలుపు మళ్లీ పడమటికి వచ్చింది. నేను లోలోపల నవ్వుకునేవాణ్ణి. నవ్వుకుంటూనే ఆ గుమ్మంలో కుడికాలు ముందు పెట్టేవాణ్ణి. ఈ సంగతి ముందే ఒప్పుకుంటున్నాను, ఎందుకంటే తర్వాత జరిగినదంతా మా బావ మీదికి తోసేసి చేతులు దులుపుకుంటే అది అబద్ధమవుతుంది.

కారు కావలసింది నాకు కాదు, మా ఆవిడకి. టోలిచౌకిలో ఒక స్కూల్లో ఇరవై రెండేళ్లుగా ఆమె లెక్కల టీచరు. పదో తరగతికి చెబుతుంది. అన్నేళ్లూ స్కూటీ మీదే వెళ్లొచ్చింది. ఫిల్మ్‌నగర్ దిగుడు, షేక్‌పేట గతుకులు, వానాకాలంలో ఎక్కడ గుంత ఉందో తెలియని నీళ్లు, అన్నీ కలిసి చివరికి ఆమె నడుములో డిస్కు జరిగింది. డాక్టరు రిపోర్టులు చూసి, "టూ వీలర్ ఎక్కొద్దమ్మా. ఆటో అసలే వద్దు. కారులో నడుము వెనక దిండు పెట్టుకుని నిదానంగా వెళ్లండి, మీరే నడుపుకున్నా పర్వాలేదు" అన్నాడు. క్యాబులు ప్రయత్నించాం. పొద్దున్నే బుక్ చేస్తే డ్రైవరు ఫోన్ చేసి ఎక్కడికని అడిగేవాడు, టోలిచౌకి అనగానే దగ్గర బేరమని క్యాన్సిల్ చేసేవాడు. అలా మూడుసార్లు మొదటి పీరియడ్ పోయింది. ప్రిన్సిపాల్ పిలిచి, ఇలాగైతే పదో తరగతి లెక్కలు వేరేవాళ్లకి ఇవ్వక తప్పదని చెప్పేసింది.

ఆ సాయంత్రం మా ఆవిడ ఇంటికొచ్చి మంచం మీద పక్కకి తిరిగి పడుకుని, "నెల లోపల ఏదో ఒక కారు చూడండి. లేకపోతే నా క్లాసు పోతుంది" అంది. పెళ్లయిన ఇన్నేళ్లలో ఆమె నోరు తెరిచి నన్ను అడిగినవి చాలా తక్కువ. అడిగినప్పుడు తెచ్చివ్వలేకపోతే ఇక ఈ మొగుడనే వాడు ఎందుకు?

షేక్‌పేట పాత ఊళ్లో ఒక మెకానిక్ ఉన్నాడు. మా స్కూటీ పుట్టినప్పటి నుంచీ దాని వైద్యం ఆయనదే. వెళ్లి సంగతి చెప్పాను. సినిమా గొడవ ఎత్తని మొదటి మనిషి ఆయన.

"సారూ, బండి సూడవోయే ముందుగాల ఫోన్ జేసి చెప్పుండ్రి, మేమొచ్చేదాంక స్టార్ట్ జెయ్యొద్దని. పోంగనే బోనెట్ మీద చెయ్యి వెట్టుండ్రి. గరం ఉన్నదనుకో, ఆడు ఏందో దాస్తుండు."

చల్లగా ఉన్న ఇంజనే తన రోగం బయటపెడుతుందట. వేడెక్కాక అన్ని ఇంజన్లూ మర్యాదస్తుల్లాగే మాట్లాడతాయట. తర్వాత ఆయన షెడ్డులో ఉన్న ఒక కారు తలుపు తీసి, సీటు బెల్టు పట్టుకుని, ఇక రాదు అనేదాకా బయటికి లాగాడు.

"గిది మాత్రం మరువకుండ్రి. వాన గట్టిగ వడ్డదంటే మన టోలిచౌకి దిక్కు సెల్లార్లల్ల ఎన్ని బండ్లు మునుగుతయో ఎవలికెరుక? తానం జేపిచ్చి, సెంటు గొట్టి అమ్ముతరు. సీట్లు మారుస్తరు, మ్యాట్లు మారుస్తరు. గీ బెల్టు ఆఖరి కొస మాత్రం ఎవ్వడు కడగడు. బురద గీత ఆడనే ఉంటది."

ఇంటికొచ్చి ఒక పాత డైలాగు కాగితం వెనక అన్నీ రాసుకున్నాను. ఆర్‌సీలో ఉన్న ఛాసిస్ నంబరు బండి మీద ఉన్నదానితో సరిపోవాలి. లోను ఉంటే తీరిపోయిందని బ్యాంకు ఇచ్చిన కాగితం అడగాలి. చలాన్లు ఎన్ని పెండింగ్ ఉన్నాయో నంబరు కొట్టి చూడాలి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి, అది ఏ ఏడు ఏ వారంలో తయారైందో చెబుతాయి. బండి తిరిగింది తక్కువని చెబుతూ టైర్లు నాలుగూ కొత్తవైతే అనుమానించాలి. తలుపు చుట్టూ ఉన్న రబ్బరు కొంచెం లాగి చూస్తే, గుద్దేసి మళ్లీ అతికించిన బండి అయితే అతుకు కనిపిస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, ఏసీ వేసి మనుషుల్ని ఎక్కించుకుని ఫిల్మ్‌నగర్ ఎత్తు ఎక్కించాలి. క్లచ్చు సంగతి ఆ చడావే తేల్చేస్తుంది. ఇన్ని తెలిసినవాణ్ణి నేను. తెలిసి ఏం లాభమో వినండి.

మొదట చూసిన కారు జూబ్లీహిల్స్‌లో ఒక డైరెక్టరు గారిది. ఆయన సినిమా రెండేళ్ల కిందట పోయింది. మామూలుగా పోవడం కాదు, శుక్రవారం వచ్చి సోమవారానికి బోర్డు తిప్పేసింది. దానికి ఎడిటింగ్ చేసింది నేనే. ఆ తర్వాత ఆయనకి ఇంకో సినిమా రాలేదు. మనిషి మాత్రం పద్ధతైనవాడు. చెప్పినట్టే మేమొచ్చేదాకా బండి స్టార్ట్ చేయలేదు. బోనెట్ మీద చెయ్యి పెడితే చల్లగా ఉంది. ప్రతి సర్వీసు బిల్లూ తేదీల ప్రకారం ఒక ఫైల్లో పెట్టి ఉంచాడు. మెకానిక్ బెల్టులు నాలుగూ చివరిదాకా లాగాడు, ఎక్కడా మచ్చ లేదు. కింద దూరి చూశాడు, రబ్బరు లాగి చూశాడు, నలుగురం ఎక్కి ఎత్తు ఎక్కించాం. బండి కిక్కురుమనకుండా ఎక్కింది.

"కండ్లు మూస్కొని తీస్కోండ్రి సారూ" అన్నాడు మెకానిక్.

మా ఆవిడ డ్రైవరు సీట్లో కూర్చుని, వెనక దిండు సర్దుకుని, స్టీరింగ్ మీద రెండు చేతులూ పెట్టింది. నెలల తర్వాత ఆమె మొహంలో నొప్పి లేని నవ్వు చూశాను. "సోమవారం దీన్లోనే వెళ్తాను" అంది.

అప్పుడు నేను చేసిన బుద్ధితక్కువ పని, మా బావకి ఫోన్ చేయడం. ఆయన మా ఆవిడకి స్వయానా అన్న. ముప్పై ఏళ్లుగా ప్రొడక్షన్ మేనేజరు. మమ్మల్ని ఈ ఊరు తీసుకొచ్చిందీ, నాకు మొదటి పని ఇప్పించిందీ ఆయనే. ఆయనతో ఒక మాట అనకుండా మా ఇంట్లో గ్యాస్ పొయ్యి కూడా మారదు. పది నిమిషాల్లో వచ్చాడు. కారు తలుపు తీయలేదు, బోనెట్ ఎత్తలేదు. నంబరు ప్లేటు ముందు నిలబడి పెదాలు కదిలిస్తూ అంకెలు కూడాడు.

"ఎనిమిది" అన్నాడు, కాన్సరు అని చెబుతున్న డాక్టరులాగా. తర్వాత గేటు దగ్గర నిలబడ్డ డైరెక్టరుగారిని చూశాడు. నన్ను పక్కకి లాక్కెళ్లాడు. షూటింగుల్లో జనాన్ని అదిలించి అదిలించి ఆయన గొంతుకి తగ్గడం అనేదే తెలియదు. ఎంత గుసగుసగా చెప్పినా వీధి చివరికి వినిపిస్తుంది.

"బావా, నీకేమైనా మతి పోయిందా? శని నంబరు, పైగా ఫ్లాపు కారు. ఆయన ఇందులో ఎక్కాడు, అడ్రసు లేకుండా పోయాడు. నడుం బాగోలేని పిల్లని దీన్లో కూర్చోబెడతావా? రేపు జరగరానిది జరిగితే ఎవరిది బాధ్యత?"

డైరెక్టరుగారికి అంతా వినపడింది. దగ్గరికొచ్చి, "పర్వాలేదండీ. సెంటిమెంట్ ఉంటే బలవంతం ఎందుకు? మీరు నాలుగోవాళ్లు" అన్నాడు. అని, మెకానిక్ చేతుల గ్రీజు అంటిన బోనెట్‌ని ఒక గుడ్డతో మెల్లగా తుడవడం మొదలుపెట్టాడు. నాకు సిగ్గుతో తల ఎత్తబుద్ధి కాలేదు. మెకానిక్ "మీ ఇష్టం సారూ" అని తన బండెక్కి వెళ్లిపోయాడు.

తిరిగి వస్తూ బావ కారు వెనక సీట్లోంచి మా ఆవిడ అంది: "ఆ సినిమా ఎడిటింగ్ ఈయనదే కదా అన్నయ్యా. కారు పనికిరాకపోతే ఈయన మాత్రం ఎలా పనికొస్తారు?"

"అమ్మాయ్, మొగుడు వేరు, కారు వేరు. మొగుడితో అయితే ఎలాగోలా సర్దుకుపోవచ్చు" అన్నాడు బావ, ఎంతో తెలిసినవాడిలాగా.

నేను ఆ కారు వదులుకున్నాను. మొహమాటం ఒక్కటే కాదు. ఆయన ఎనిమిది అన్న క్షణం నుంచీ నా బుర్రలో ఒక పురుగు దూరింది. నిజంగానే ఏదైనా జరిగితే? అందరూ నన్నే అంటే? రోజంతా కంప్యూటర్ల ముందు కూర్చుని ఊళ్లోవాళ్ల మూఢత్వాన్ని ఎగతాళి చేసే నాకు, నాలుగంకెలు కూడేసరికి భయం పట్టుకుంది.

నాలుగు రోజులకే బావ ఇంకో కారు పట్టుకొచ్చాడు. ఒక ప్రొడక్షన్ ఆఫీసువాళ్లది. వాళ్ల సినిమా బ్రహ్మాండంగా ఆడింది. తెల్ల రంగు, అంకెలు కూడితే తొమ్మిది.

"షూటింగ్ నుంచి హార్డ్ డిస్కులన్నీ ఈ కారులోనే వెళ్లేవి బావా. సినిమా మొత్తం దీన్లో తిరిగింది. ఇంకేం కావాలి?" అన్నాడు.

"ఇంజన్ కావాలి బావా" అన్నాను.

"కోడిగుడ్డు మీద ఈకలు పీకకు" అన్నాడు.

సినిమా ఓపెనింగులకి ముహూర్తాలు పెట్టే పంతులుగారినే అడిగి వచ్చాడట. శుక్రవారం ఉదయం పది నలభై రెండుకి గుడి దగ్గర పూజ. అది దాటితే మళ్లీ పదిహేను రోజులు మంచిది లేదట. మెకానిక్‌ని పది గంటలకే రమ్మన్నాను. గుడి దగ్గరికి నేను పదింటికే చేరాను. కారు పదిన్నరకి వచ్చింది. మెకానిక్ షేక్‌పేట ఫ్లైఓవర్ దగ్గర ట్రాఫిక్‌లో ఇరుక్కుని రాలేదు. నేను బోనెట్ మీద చెయ్యి పెట్టాను. కాలింది.

"వేడిగా ఉంది బావా."

"తోలుకుని వస్తే వేడెక్కదా? నువ్వు నడిచొస్తే నీకు చెమట పట్టదా?"

"పోనీ ఒక్కసారి ఎత్తు ఎక్కించి చూద్దాం."

"పూజ కాని బండిని ముహూర్తం ముందు కదపకూడదు."

పూజ కాకముందు కదపకూడదు, పూజయ్యాక మనదే. మరి చూసేది ఎప్పుడో ఎవరూ చెప్పరు. నేను తలుపు తీసి సీటు బెల్టు పట్టుకున్నాను. అప్పటికే పంతులుగారు స్టీరింగుకి పసుపు తాడు కట్టి, కుంకుమ బొట్లు పెట్టి, తలుపుల మీదుగా బంతిపూల దండ వేయిస్తున్నారు. "ముహూర్తం వేళ ఏదో ఒకటి లాగడం, తెంపడం ఏంటి బావా, అపశకునం!" అని బావ నా చెయ్యి పట్టుకున్నాడు. చుట్టూ ఉన్నవాళ్లంతా నన్ను పెళ్లిలో తుమ్మినవాణ్ణి చూసినట్టు చూశారు. ముహూర్తానికి నాలుగు నిమిషాలే ఉన్నాయి. నేను బెల్టు వదిలేశాను. కొబ్బరికాయ కొట్టారు, టైర్ల కింద నిమ్మకాయలు పెట్టారు, తాంబూలం పళ్లెంలో కాగితాలు చేతులు మారాయి. మా ఆవిడ నిమ్మకాయలు తొక్కిస్తూ బండిని నాలుగడుగులు ముందుకి పోనిచ్చింది. అందరూ చప్పట్లు కొట్టారు.

మెకానిక్ పదకొండుకి అయిదు నిమిషాలుండగా వచ్చాడు. బావ కాస్త అవతల అందరికీ లడ్డూలు పంచుతున్నాడు. ఈయన ఎవరితోనూ మాట్లాడకుండా డ్రైవరు పక్క సీటు బెల్టు చివరిదాకా లాగి, నాకు చూపించాడు. వేలెడు వెడల్పున మట్టిరంగు గీత.

"ఏం జేద్దమంటరు సారూ ఇగ?" అన్నాడు మెల్లగా.

నేను బావ దగ్గరికి పరిగెత్తాను. ఇది మునిగిన కారు, వెనక్కి ఇచ్చేద్దాం అన్నాను. "నీళ్లే కదా బావా తగిలింది! గంగమ్మ తల్లి. శుభమే" అన్నాడు. "పూజ చేసిన బండిని వెనక్కి ఇస్తే ఇంటికి అరిష్టం" అని ఇంకొకాయన అందుకున్నాడు. అమ్మినవాళ్లు అప్పటికే లడ్డూలు తిని వెళ్లిపోయారు. ఎక్కడ తల బాదుకోవాలో నాకు తెలియలేదు. మళ్లీ కారు దగ్గరికొచ్చేసరికి మా ఆవిడ అద్దం సరిచేసుకుంటోంది. బెల్టు ఇంకా వేలాడుతోంది.

"అదేంటండీ, ఆ గీత?" అంది.

"ఏదో మరకలే" అన్నాను.

ఆ కారు పదకొండు రోజులు నడిచింది. రెండో రోజు నుంచే దాని చేష్టలు మొదలయ్యాయి. అద్దాలు వాటంతటవే దిగేవి. సిగ్నల్ దగ్గర నిలబడితే హారన్ మోగేది. ఏసీ వేస్తే తడిసిన గోనెసంచి వాసన. మెకానిక్ చూసి, "వైరింగ్ అంత కుళ్లింది సారూ, ఎన్ని తీర్ల కట్టినా ఆగది" అన్నాడు. మా ఆవిడ మాత్రం దిండు పెట్టుకుని, వేళకి బయల్దేరి, ఒక్క రోజూ మొదటి పీరియడ్ పోనీయకుండా వెళ్లింది.

పదకొండో రోజు ప్రీ ఫైనల్ పరీక్ష. లెక్కల పేపరు. టోలిచౌకి ఫ్లైఓవర్ కింద, రోడ్డు మధ్యలో, బండి ఉన్నపళంగా చచ్చిపోయింది. లైట్లు లేవు, హారన్ లేదు, తాళం తిప్పితే చప్పుడు లేదు. నాకు ఫోన్ చేసింది. క్యాబు దొరకడం లేదంది. "కదలకు, నేను వస్తున్నాను, ఆటో మాత్రం ఎక్కకు" అన్నాను. ఇరవై నిమిషాలు ఆగింది. నేను అప్పటికి షేక్‌పేట కూడా దాటలేదు. మళ్లీ ఫోన్ చేసింది.

"పిల్లలు కూర్చుని ఉంటారండీ. ప్రశ్నపత్రాలు నా దగ్గరున్నాయి" అంది. ఫోన్ పెట్టేసింది.

ఆటో ఎక్కింది. ఎన్ని స్పీడ్ బ్రేకర్లు ఎక్కి దిగిందో నాకు తెలుసు, ఆ దారి నాకూ కొట్టిన పిండే. నేను స్కూలుకి చేరేసరికి ఆమె మేడ మీద క్లాసులో కుర్చీలో కూర్చుని ఉంది. పేపర్లు పంచేసింది. పిల్లలు రాసుకుంటున్నారు. ఆమె లేవలేకపోతోంది. పరీక్ష అయ్యేదాకా లేపవద్దని నాకు సైగ చేసింది. నేను వెనక బెంచీలో కూర్చున్నాను. గంట కొట్టాక, ఆ కుర్చీతో సహా నలుగురం ఎత్తి కిందికి దించాం.

ఆరు వారాలు మంచం. పబ్లిక్ పరీక్షలు దగ్గరపడ్డాయి, స్కూలువాళ్లు వేరే టీచర్ని పెట్టుకున్నారు. ప్రిన్సిపాల్‌ని తప్పుపట్టలేను, ముందే చెప్పింది. ఈ మధ్యలో మెకానిక్ కనిపించి, డైరెక్టరుగారి కారు ఎర్రగడ్డ నుంచి ఒక నర్సమ్మ కొనుక్కుందనీ, ఆయిలు మార్చడానికి తప్ప తన షెడ్డు మొహం చూడలేదనీ చెప్పాడు. అడగకపోయినా చెప్పాడు. నేను అంతకు తగినవాణ్ణే.

ఒక ఆదివారం బావ యాపిల్స్ పట్టుకుని వచ్చాడు. చెల్లెలి మంచం పక్కన కుర్చీ వేసుకుని, నడుము ఎలా ఉందని అడిగి, నా వైపు తిరిగి అన్నాడు:

"ఒక రకంగా ఆ కారు కలిసొచ్చింది చూడు బావా. లేకపోతే ఈ పిల్ల ఎవరి మాట వింటుంది? బ్లాక్‌బోర్డు ముందు నిలబడి నిలబడి చచ్చేది. దేవుడే ఇంట్లో కూర్చోబెట్టాడు. నంబరు ఊరికే పోదు."

పెళ్లయ్యాక మొదటిసారి మా బావ మీద అరిచాను. ఏమన్నానో పూర్తిగా గుర్తులేదు. లేచి వెళ్లిపొమ్మన్నాననీ, యాపిల్స్ కూడా తీసుకెళ్లమన్నాననీ తర్వాత మా ఆవిడ చెప్పింది. ఆయన నిజంగా నొచ్చుకున్నాడు. గుమ్మంలో చెప్పులు వేసుకుంటూ, "నేను దాని మంచికే కదా చేశాను" అన్నాడు. ఆ మాటా నిజమే. ఇంత గోల చేసినవాణ్ణి తృప్తిగా తిట్టుకోవడానికి కూడా లేకపోవడం నాకు మరీ కంపరంగా ఉంది.

ఆయన వెళ్లాక తలుపు వేసి వచ్చాను. మా ఆవిడ కాగితం, పెన్ను తెమ్మంది. తను కూర్చుని రాయలేకపోతోంది కాబట్టి, తను చెబుతుంటే నేను రాయాలి. రాజీనామా. గౌరవనీయులైన ప్రిన్సిపాల్ గారికి అని మొదలుపెట్టి, ఏ తేదీ నుంచో, ఏ తరగతులో, అన్నీ తడుముకోకుండా చెప్పింది. కారణం దగ్గర ఆగింది. నేనూ ఆగాను. ఇక లోపల దాచుకోవడం నా వల్ల కాలేదు.

"ఆ రోజు నువ్వు చూసింది మరక కాదు. బురద గీత. నాకు అప్పుడే తెలుసు" అన్నాను.

ఆమె పైకప్పు వైపు చూస్తూ పడుకుని ఉంది. తల తిప్పలేదు.

"నాకూ తెలుసండీ. బెల్టు గురించి మీరు కాగితం మీద రాసుకుంటున్నప్పుడు పక్కనే ఉన్నాను కదా. మీరు కాదనే ఒక్క మాట అంటే అక్కడే దిగిపోదామని కూర్చున్నాను" అంది. తర్వాత, "అనారోగ్య కారణాల వల్ల అని రాయండి" అంది.

నేను అదే రాశాను.